పలకని అక్షరం

చర్చి మూతపడ్డ ఆరేళ్ళకి
అందులో కిరాణా తెరిచారు.
లింకన్‌షైర్ బురదనేలల మీంచి వచ్చే గాలి
రంగుటద్దాల పగుళ్ళలో దూరి
బిస్కెట్ పొట్లాలను గలగలలాడిస్తోంది.

బోర్డులు రాసే పని నాది.
అరల నడుమ దారికొకటి, నంబరుతో సహా:
ఐల్ ఒకటి, ఐల్ రెండు, ఐల్ మూడు.
నాలుగోదాని దగ్గర నిచ్చెన ఊగింది,
ఎస్ అనే అక్షరం ఎగిరిపోయింది.
కిందనుంచి మేనేజర్ రడ్కిన్:
"బడికెళ్ళావా ఎప్పుడైనా?"

బడి సంగతి సరే,
నోరు విప్పని అక్షరానికి
రంగు ఖర్చెందుకని నా గొణుగుడు.

అప్పుడొచ్చింది మర్సీ థర్ల్‌బీ,
నలభై ఏళ్ళు ఇక్కడ గంట లాగిన మనిషి.
సంచిలో ఉల్లిపాయలు, చేతిలో ఆవాల సీసా.
బోర్డు చూసి పకపకా నవ్వింది.

"చెరపకు అబ్బాయ్, తెలియకే నిజం రాశావు.
లాటిన్‌లో ఇది రెక్క.
చర్చి ఒంటికి అటూ ఇటూ చాచిన రెక్క.
ఫ్రెంచివాళ్ళు రెక్కని ఇప్పటికీ నీలాగే రాస్తారు."

మరి ఎస్?

"అది దీవి ఇంటిది.
రెండు మాటలూ ఒకేలా వినబడితే
ఏ గుమాస్తాయో తికమకపడి
పక్కింటి మేకను మన పాకలో కట్టేశాడు.
దీవి కూడా దాన్ని నడుమ పోగొట్టుకుని
లాటిన్ తాత గుర్తుకని మళ్ళీ తగిలించుకున్నదే.
ఆ తర్వాత సందు అనే మాట,
'వెళ్ళడం'లోంచి పుట్టింది, అదీ వచ్చి ఒళ్ళో కూచుంది.
రెక్క కాస్తా దారి అయిపోయింది."

సీసా మూత తిప్పుతూ కాసేపు ఆగింది.

"పెళ్ళికూతురు ఐల్‌లో నడుస్తుందంటారు, ఉత్తదే.
నడిచేది నడిమి భాగంలో. దాని పేరు ఓడ.
నేనూ ఆ ఓడలోనే నడిచాను.
మా సైలస్‌ను మోసుకెళ్ళిందీ అందులోంచే.
ఆ పూట నేను మాత్రం ఇదిగో, ఈ రెక్క కింద.
గంట తాడు ఇక్కడే వేలాడేది.
ఎవరో ఒకరు లాగాలి కదా."

అక్కడ ఇప్పుడు టమాటా డబ్బాలు,
రెండు కొంటే ఒకటి ఉచితం.

రడ్కిన్ ఒప్పుకోలేదు.
మర్నాడు మళ్ళీ నిచ్చెనెక్కి
చోటు చాలని చోట
ఎస్‌ని సన్నగా ఇరికించాను.
దూరం నుంచి చూస్తే
వేలాడే తాడులా ఉంది.

మర్సీ మాత్రం
ప్రతి గురువారం కౌంటర్ దగ్గర అడుగుతుందట:
"ఆవాలు నాలుగో రెక్కలోనేనా?"
ఆ పిల్ల బిల్లు కొట్టడం ఆపి
అటువైపు
చెయ్యి పొడుగ్గా చాపి చూపిస్తుందట.