ముప్పై ఏడు శాతం

రాత్రి తొమ్మిదిన్నర. ఉరవకొండ.
తాసీల్దారు ఆఫీసు ఎదురుగా
షట్టరు సగం దించి, మిషను ముందర కూసున్నా.
నీలం తెర మీద తెల్లచుక్కలు గుండ్రంగా తిరుగుతాండాయి,
కల్లంలో కట్టు విప్పడం మర్చిపోయిన ఎద్దుల మాదిరి.
అప్‌డేట్ అవుతా ఉందంట. ఆపొద్దంట.
ముప్పై ఏడు శాతం.

డెబ్బై దినాలు దీన్ని దాటేసింది నేనే.
కుడి మూల గంట మోగినప్పుడల్లా
"తర్వాత గుర్తు చేయి" అని నొక్కి
అప్పులోణ్ణి పంపినట్టు వాకిట్లోనుంచే పంపించినా.
ఎదురుగా పాసుపుస్తకం పట్టుకోని మనిషి నిలబడుంటే
మిషను మాట ఎవరు ఇంటారు?

నిన్న అదే నిలబడిపోయింది.
శెనక్కాయ బీమాకు రేపే ఆఖరు,
వన్నూరప్ప అడంగల్ సగం అచ్చయ్యి
పేరు వచ్చింది, పొలం రాలేదు.
కాగితం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వినాడు:
"నిజమే చెప్పిందిలేమ్మా నీ మిషను.
పేరొకటే మిగిలింది."

గుంతకల్లు మెకానిక్కు ఎనిమిది నూర్లన్నాడు.
స్క్రూలు నేనే విప్పినా.
లోపల ఎర్రమన్ను,
ఒక శెనక్కాయ పొట్టు, బల్లి గుడ్డు పెంకు,
వెంట్రుకలు చుట్టుకోని ఊపిరాడని ఫ్యాను.
ఊరవతల అంతంత గాలిమరలు తిరుగుతాండాయి,
అరచెయ్యంత రెక్క ఇక్కడ తిరగలా.
పాత పళ్లబ్రష్షు, సైకిల్ షాపు తిప్పేరుద్రప్ప గాలిపంపు,
ఒక గంట దగ్గు.

మళ్లా తగిలిస్తే తేదీ రెండువేల తొమ్మిది, జనవరి ఒకటి.
లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయిందంట.
తేదీ తప్పయితే అప్‌డేట్ గడప దాటదు.
గడియారాల అంగట్లో ముప్పై రూపాయలు పెట్టి
ఈ దినాన్ని కొనుక్కొచ్చినా.

ఇంగ జాగా లేదంది.
ఇరవై జీబీ కావల్ల, ఉండేది మూడు.
బోరు ఫ్లషింగ్‌కు గాలి కొడితే
ముందు వచ్చేది నీళ్లు కాదు, బురద.
"కొత్తది", "కొత్తది రెండు", "ఇదే ఆఖరిది",
"ఆఖరిది సరిచేసింది"
అన్నీ ఒకటే అర్జీ.
పాస్‌పోర్టు ఫోటోల్లో ఊరంతా
ఊపిరి బిగబట్టి నన్నే చూస్తాంది.

హనుమక్క పైలు దగ్గర చెయ్యి ఆగింది.
పింఛనుకని ఏడుసార్లు వచ్చింది.
కలుపు తీసి తీసి అరిగిన వేళ్లు,
అద్దం మీద పెడితే గీత పడేది కాదు.
"నేను నేనే అని ఇంగెట్ల చెప్పాల పాపా?" అనేది.
పోయి రెండేండ్లయింది.
ఆధార్, బ్యాంకు పుస్తకం, తెల్లకాగితం మీద నల్లగా అలికిన బొటనవేలు,
ఇవి ఇంగ నా దగ్గర ఎందుకు?
తీసేసినా. చెత్తబుట్టలోనుంచి కూడా తీసేసినా.

అప్పుడు తట్టింది.
ఇంకా బతికుండే వేళ్లు ఎన్ని ఉండాయో దీంట్లో!
ఊరి బొటనవేళ్లన్నీ పెట్టుకోని
గడియ పాడైన తలుపుకు
డెబ్బై దినాలు "తర్వాత" అన్నది నేను.

గాలి లేస్తాంది. రేకు టపటపమంటాంది.
లైన్‌మన్ ఓబులేసుకు ఫోన్ చేసినా:
"అన్నా, అర్ధగంట కరెంటు తియ్యొద్దు."
"ఏమైంది మాబున్నక్కా, ఎవరికన్నా బాగలేదా?"
"మిషనుకు."
అవతల కాసేపు ఏం మాట్లాడలా.
"సరేలే. ఇరవై నిమిషాలు చూస్తా."

ముప్పై ఏడు.
ముప్పై ఏడు.
యూపీఎస్ ఒకసారి కుయ్యిమంది, నా గుండె కూడా.
ముప్పై ఎనిమిది.

పదింబావుకు
తెర నల్లబడి, మళ్లా తెల్లారి
పాస్‌వర్డ్ అడిగింది, కొత్త మనిషిని అడిగినట్టు.
ఫ్యాను సన్నగా, సమంగా తిరుగుతాంది.

రేపు వన్నూరప్ప పేరు పక్కన
పొలం వస్తాదో రాదో నాకు తెలీదు.
అది ఈ డబ్బా చేతిలో లేదు.
రాకుంటే రాలేదని
కడా వరకు అచ్చేస్తాది,
నడిమధ్యలో ఆగదు.