రెండుసార్లు పలికే ఊరు

ఈ ఊరి పేరు రెండుసార్లు పలకాలి.
వాగా వాగా.
వెనకసీట్లో, రైస్ కుక్కర్ ఒళ్ళో పెట్టుకుని
లాలస పగలబడి నవ్వింది:
"అమ్మా, గలగల, బిలబిల లాగా ఇదొక ఊరు!"
మూడేళ్ళ హవిష్‌కి మాత్రం అది వాగు.
వాగు ఎప్పుడొస్తుంది, వాగు ఎప్పుడొస్తుంది...
గౌల్‌బర్న్ దాటాక, యాస్ దాటాక,
వాంతి చేసుకుని మూతి తుడిపించుకున్నాక కూడా
అదే మాట.

సిడ్నీ నుంచి ఐదు గంటలు.
వీసా లెక్కలో పదిహేను పాయింట్లు.
పిల్లలకి పాయింట్ల గురించి ఏం చెప్తాం,
పెద్ద పెరడు ఉంటుందని చెప్పాం.
ఉంది. జనవరి ఎండకి
గడ్డంతా కొబ్బరిపీచు రంగు.
చెప్పుల్లేకుండా పరిగెత్తిన హవిష్
నాలుగో అడుగులోనే కేక పెట్టాడు.
పిన్నీసుతో తీసి, అరచేతిలో పెట్టుకుని చూశాను.
పల్లేరుకాయ!
అచ్చం పల్లేరుకాయే.
ఏ మడమకి గుచ్చుకుని ఇంతదూరం వచ్చావే అన్నాను.
వాడు ఏడుస్తుంటే నేను నవ్వానని
సాయంత్రం దాకా నాతో పలకలేదు.

బడిలో టోపీ లేకపోతే ఆట లేదట.
నాకు తెలీదు.
మొదటిరోజు ఆటల గంటంతా
లాలస రేకుల నీడలో కూర్చుని చీమల్ని చూసిందట.
తను చెప్పలేదు, టీచర్ రాసిన చీటీ చెప్పింది.
ఎదుగుతుంది కదా అని రెండు సైజులు పెద్ద టోపీ కొన్నాను.
అది కళ్ళమీదికి జారితే
తల ఎత్తి, గడ్డం ముందుకు పెట్టి నడుస్తుంది.
చూసేవాళ్ళకి పొగరు అనిపిస్తుంది. అనిపించనీ.

తనకి మాంసం ఫ్యాక్టరీ కోల్డ్‌రూమ్‌లో రాత్రి డ్యూటీ.
లెక్కలు చదువుకున్న మనిషి, పెట్టెలు లెక్కపెడుతున్నాడు.
తెల్లారి వచ్చి దుప్పట్లో దూరితే
"నాన్న దగ్గర ఫ్రిజ్ వాసన" అంటూ
ఇద్దరూ మీద పడి వెచ్చబెడతారు.

ఇంక చెత్త డబ్బాలు.
ఎర్ర మూత ఒక వారం, పసుపు మూత ఒక వారం,
ఆకుపచ్చది ప్రతి వారం.
మొదటి వారం వీధంతా పసుపు,
మా గుమ్మం ముందు ఎరుపు,
పేరంటంలో బొట్టు మరిచిపోయి వచ్చినదానిలా.
పక్కింటి నోలీన్ నైటీ మీద కోటు వేసుకుని వచ్చి
దాన్ని లోపలికి లాగి, సరైనది బయట పెట్టి
ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.
అప్పటినుంచి మంగళవారం రాత్రి
లాలసకి కిటికీ దగ్గర కాపలా:
"వీధి ఇవాళ ఏ రంగే?"

ఒకరోజు కంచె అవతల నోలీన్ అడిగింది,
మీరెక్కడివాళ్ళని.
తలుపు వెనక నేను జవాబు సర్దుకుంటున్నాను,
తెనాలి అనాలా, తెలుగు అనాలా,
దేశం పేరు చెప్తే సరిపోతుందా...
లాలస అనేసింది: "సిడ్నీ."
"అయ్యో పాపం," అంది నోలీన్,
"ఆ ట్రాఫిక్‌లోనా!"

ఆగస్టులో పెరడంతా
ఉప్పు ఆరబోసినట్టు మంచు.
హవిష్ నాకి చూసి, చప్పగా ఉందన్నాడు.
ఏటి ఒడ్డుకి తీసుకెళ్తే
మట్టిరంగు నీళ్ళని చాలాసేపు చూసి,
"ఇదేనా వాగు?" అన్నాడు.
ఇదే.
"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

నిన్న ఫోన్లో లాలస పాత స్నేహితురాలితో
"వాగాలో భలే చలి" అంటోంది.
ఒక్కసారే అంది.
రెండోది ఏదే అంటే,
"ఇక్కడ ఎవరూ రెండుసార్లు అనరమ్మా,
కొత్తవాళ్ళే అంటారు."
నేనింకా రెండుసార్లే అంటున్నాను.
ఏమో, రెండోది మింగేస్తే
గొంతులో అడ్డం పడుతుంది.

ఇవాళ మంగళవారం.
అన్నం పొయ్యి మీదుండగా వెళ్ళి
వీధి వంక చూడకుండానే
పసుపు మూత డబ్బా గడగడా లాక్కొచ్చాను.
ఎదురింట్లో కొత్తగా దిగినవాళ్ళు
కర్టెన్ కొంచెం పక్కకి జరిపి
మా డబ్బా వైపు చూస్తున్నారు.