మూడో చొక్కా

ఆనందపేటలో మా దాదీ మౌలాబీ
డజను ఆరు రూపాయల లెక్కన కాజాలు కుడుతూ
కథ చెప్పేది.

తోడేలు తినేసిందన్నారు అన్నలు.
నెత్తురు పూసిన చొక్కా తండ్రి ముందు పడేశారు.
"ఒక్క చిరుగైనా లేదేంరా దీనికి?
గుండీలు విప్పి మరీ తిందా ఆ తోడేలు?"

సరిగ్గా అక్కడ ఆపి దారం కొరికేది.
మరి బావిలో పిల్లాడో? అంటే
"ఉండనీ.
రేపు ఎవరో ఒకరు చేద వేస్తారు."

రెండో చొక్కా.
ముందు చిరిగితే ఆమె మాట నిజం,
వీపున చిరిగితే పరుగెత్తినవాడి మాట.
ప్లీడరు లేడు, వాయిదా లేదు.
గుడ్డే నోరు విప్పింది.

ఆ తర్వాత ఎన్నేళ్లో కథ చెప్పదు.
ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య, ఎవరూ చూడనప్పుడు,
తండ్రి కళ్లు తెల్లబడిపోయాయి.

ఇప్పుడు దాదీకి సూదిబెజ్జం ఆనదు.
దారం నేనెక్కిస్తాను.
మిర్చి యార్డు నుంచి చిచ్చా ఇంకా
సందు మలుపైనా తిరగడు,
గుమ్మంలో ఆమెకి తుమ్ము.
"వచ్చేశాడు, అన్నం పెట్టు" అంటుంది
గోడకేసి నవ్వుతూ.

మూడో చొక్కా సంగతి
నాకింకా చెప్పనే లేదు.