ఓడమీదోడి లిస్టు

కురుపాం మార్కెట్ సందులో దాలిబాబు కొట్టు.
పాటకి ముప్పావలా. లిస్టు రాసిస్తే
వారం పోయాక రమ్మనేవాడు.
పదిహేనేళ్ళ నా దగ్గర లిస్టు లేదు.
రాయాలంటే ముందు పాటలు తెలియాలి కదా.

"ఇదట్టుకెళ్ళిపో" అన్నాడు, బల్ల కింద నుంచి తీసి.
"ఎవుడో ఓడమీదోడు రాయించుకున్నాడు.
మూడు నెల్లయింది. ఇంక రాడు.
పన్నెండియ్యి, సాలు."

అట్ట లోపల నీలం బాల్‌పెన్ను,
పదిహేను పాటలు, ఒత్తి ఒత్తి రాసిన అక్షరాలు.
అడుగున
మీరావలి, ఇంజన్ రూమ్.

మొదటి పాట ఎవరో ముసలాయన గొంతు,
ఏ దేశం భాషో.
రెండోది తెలుగే, మా అమ్మ పుట్టకముందుది.
మూడోదాంట్లో మాటలే లేవు,
క్లారినెట్టు ఒక్కటే మెట్లు దిగుతూ ఉంటుంది.
నాగభూషణి విని నవ్వింది:
"చావింట్లో పెట్టుకోవే."
పన్నెండు రూపాయలు నీళ్ళపాలనుకున్నాను.
అయినా ఉన్నది అదొక్కటే క్యాసెట్టు.
ఉన్న కూరతోనే కదా అన్నం తింటాం.

నాన్నది పోర్టులో ఖనిజం దించే పని.
ఆయన బనీను పిండిన నీళ్ళు
ఎర్రగా కాలవ దాకా పోయేవి.
ఆ దుమ్మే టేప్‌రికార్డర్‌లోకీ దూరేది.
దూదికి కొలోను అద్ది హెడ్ తుడిస్తే
కుంకుమ అంటినట్టు వచ్చేది.
తుడిచిన రోజు క్లారినెట్టు
ఇంకో రెండు మెట్లు కిందికి దిగేది.

ఎప్పుడో, వానలు మొదలయ్యాక,
ఒక మధ్యాహ్నం అది ఆగిపోతే
ఇల్లు ఖాళీ అయినట్టు అనిపించింది.
నచ్చడమంటే అదేనని అప్పుడు తెలీదు.

ఎ వైపు చివరి పాట సగంలో తెగుతుంది.
టేపు సరిపోలేదు.
రెండో చరణం మొదటి మాట మీద
టక్.
ఆ టక్ కూడా పాటలోదే అనుకునేదాన్ని.
బి వైపు చివర్లో కాస్త మిగిలితే
దండగెందుకని దాలిబాబే
లిస్టులో లేని పదహారోది ఎక్కించాడు.
డప్పు, ఈల, ఒకటే గోల.
అది నాకు ఇప్పటికీ నచ్చదు.
గిన్నెలు తోముతూ నోట్లో ఆడేది మాత్రం అదే.

పెళ్ళిచూపుల్లో, మీకెలాంటి పాటలిష్టమని
ఆయన అడిగితే
ఇంకొకరి ఉత్తరం పైకి చదువుతున్నట్టు చెప్పాను.
మంచి అభిరుచి అన్నారు వాళ్ళ పెద్దమ్మ.
ఎవరిదని అడగలేదు.

మొన్న మర్రిపాలెం ఫ్లాట్‌లో అటక దులుపుతుంటే
అట్ట దొరికింది. క్యాసెట్టు లేదు.
మా హంసిని అట్ట చూస్తూ
పది నిమిషాల్లో పదిహేనూ ఫోన్‌లో పేర్చింది
అదే వరుసలో.
ఒకటవగానే రెండోది నా గొంతులో ముందే లేస్తోంది.
మధ్యలో ఆ బుస లేదు. ఎర్రదుమ్ము లేదు.
క్లారినెట్టు కడిగిన గాజులా ఉంది,
ఎందుకో పరాయిగా.

తెగే పాట వచ్చింది.
రెండో చరణం. మొదటి మాట.
నా వేలు దానంతటదే ఒళ్ళో కదిలింది.
పాట ఆగలేదు.
చరణం బాగానే ఉంది.
అందులో ఎవరో ఇంటికి తిరిగొస్తున్నారు,
వాకిట్లో దీపం పెడుతున్నారు.
ముప్ఫై నాలుగేళ్ళుగా నాకు తెలిసిన పాటలో
ఎవరూ తిరిగి రాలేదు.

మీరావలి వస్తున్నట్టు
ఒక్క క్షణం తలుపు వైపు చూశాను.
వచ్చి అడిగితే ఏమివ్వను?
ఇంకెక్కడో, ఇంకో రేవులో, ఇంకో కొట్లో
మళ్ళీ ఈ లిస్టే రాసిచ్చి ఉంటాడు.
వరుస మారిపోయి ఉంటుంది.

"పదహారోది ఏదమ్మా?" అంది హంసిని.
పేరు తెలీదన్నాను.
పాడితే ఫోనే పట్టుకుంటుందట.
గొంతు సవరించుకుని
డప్పు కూడా నోటితోనే వేశాను.
కాసేపు గుండ్రంగా తిరిగి
దొరకలేదు, మళ్ళీ పాడమంది ఫోను.

మళ్ళీ పాడాను.