గ్రీట్

ఎగ్మూరులో, రైల్వే గోడ వెనక,
చివికిన కాగితాలకి పల్చటి టిష్యూ అతికించే గదిలో
నా పని ఉత్తరాలు చదివి
ఒక్కోదానికీ రెండు వాక్యాల సారాంశం రాయడం.

పద్దెనిమిది వందల ఇరవై ఏడు, మే నెల.
స్కాట్లండు సార్జెంటు భార్య ఒకావిడ వాళ్ళక్కకి:
బిడ్డ తెల్లవార్లూ గ్రీట్ చేస్తూనే ఉందట.
'పసిది తల్లిని పలకరిస్తోంది' అని రాసి
కొంచెం నవ్వుకుని ఫైలు పంపించాను.

జ్ఞానరాజ్ గారు దాని చుట్టూ సున్నా చుట్టి తెచ్చారు.
"వాళ్ళ మాటలో గ్రీట్ అంటే ఏడవడమమ్మా.
పాత ఇంగ్లీషులో అవి రెండు మాటలు,
పలకరింపు ఒకటి, ఏడుపు ఒకటి.
దక్షిణాన ఏడుపు పోయింది,
ఉత్తరాన మిగిలింది."

జూన్ ఉత్తరంలో బిడ్డ ఊసు లేదు.
చిన్న దోమతెర అమ్మితే
ఎంతొచ్చిందో ఉంది.

నేనీ ఊరొచ్చిన కొత్తలో
కింద వాటా వడివాంబాళ్ గుమ్మంలో నిలబడి
"పసిక్కుదా?" అంది.
ఆస్పత్రి నుంచి వచ్చి నాలుగు రోజులు.
నాకందులో పసి ఒక్కటే వినబడింది.
"దక్కలేదండీ" అన్నాను, తెలుగులోనే.
ఆవిడకేం వినబడిందో,
చారన్నం కలిపి తెచ్చింది.
వాళ్ళ పసి ఆకలని
తెలియకుండానే తిన్నాను,
గిన్నె ఊడ్చి మరీ.

ఇవాళ సారాంశం దిద్దాను.
'పలకరిస్తోంది' మీద ఒకే గీత,
అడుగు మాట కనబడేంత సన్నంగా.
పెన్సిలే కదా,
రేపాయన రబ్బరు పెట్టి చెరిపేస్తారు.