పెద్ద రూపాయి

ఆరువేలవుతుంది, అన్నాను.
పాల లెక్క పుస్తకం చివరి నుంచి తిప్పి
దమయంతి ఒక ఆరు వేసి, మూడు సున్నాలు చుట్టి
కింద గీత కొట్టింది.
ఆ గీతే తొందరపాటు.

కాగితం మిల్లులో కేబుళ్లు లాగేవాణ్ణి,
తీగలంటే నాకు భయం లేదు.
బిద్యాధర్ సాహు పాత ఇనప కొట్లో
వెనక బస్తా మోస్తున్నట్టుండే పాతకాలం టీవీ.
‘కేతే దెబ?’ అన్నాడు.
మూడొందలు.
ఇంటికి తెచ్చిన ఆటో నాలుగొందలు.

ప్లైవుడ్డు కొనలేదు.
సగం ధరకొస్తోందని పొట్టుచెక్క కొన్నాను,
అదీ ఆషాఢంలో.
నాగావళి ఎర్రబడ్డ వారం ముసురుకి
ఎడమ పలక పులిసిన పిండిలా ఉబ్బి
మేకుల్ని కక్కేసింది.
చవకది రెండుసార్లు కొనాలని
వడ్రంగి బలరాం బిసోయి ముందే చెప్పాడు,
నవ్వుతూ,
రంపం అద్దె రోజుకి నూటేభై తీసుకుంటూ.

బొత్తాలు పన్నెండు, జాయ్‌స్టిక్కులు రెండు
విశాఖ నుంచి పార్సిలొచ్చాయి.
ఎర్ర బొత్తం ఒకటి నొక్కితే లోపలికెళ్లి
తిరిగి రావడం మర్చిపోతుంది,
మేనేజరు సంతకానికెళ్లిన నా బిల్లులా.

పదకొండు ఆదివారాలకి ధర కట్టలేదు.
ఎడమ బొటనవేలి గోరుకీ కట్టలేదు.
దమయంతి ఇస్త్రీ బల్ల మీద టంకం చుక్కలు
వెండి పొక్కుల్లా ఇంకా ఉన్నాయి.
ఆ పొగకి పిల్ల రాత్రంతా దగ్గితే
కొన్న సిరప్పు నూట పది,
అది మాత్రం రాసింది,
ఆటపెట్టె ఖాతాలోనే.

‘బీరువా కాదు, దేవుడి గూడు కాదు,
ఏటి దాస్తావయ్యా దీన్లో?’
పార్వతీపురం నుంచొచ్చిన మా అత్త అడిగింది.
ఏం చెప్పను.
గుణుపురం బస్టాండు వెనక రేకుల షెడ్డు,
పాత్రో గారి వీడియో పార్లరు.
నాకు పదేళ్లు.
రూపాయికి మూడు ప్రాణాలు.
మూడూ అయిపోయాక
పక్కవాడి భుజం మీంచి చూస్తూ నిలబడ్డ మధ్యాహ్నాలు.
చూడ్డం ఊరికే,
పాత్రో గారు బెత్తంతో అదిలించేదాకా.

తొమ్మిదో ఆదివారం
నాణెం వేసే కంత బిగించాను.
అక్కర్లేదు, తెలుసు. ఇంట్లో ఆడుకోడానికి డబ్బులెవరికి?
అయినా ఎనిమిదొందలు.
వేసిన రూపాయి వేసినట్టే జారి
టంగుమని కింద పళ్లెంలో పడుతోంది.
ఇప్పటి రూపాయి చిన్నది.
మిషను దాన్ని గుర్తుపట్టదు.
పాత పెద్ద రూపాయి కావాలి.
తమలపాకులమ్మే ముసలమ్మ నుంచి
మజ్జిగౌరమ్మ గుడి ముందు చిల్లరమ్మేవాడి దాకా
రాయగడంతా తిరిగితే నాలుగు దొరికాయి,
ఒక్కోటి పది రూపాయలకి.

రూపాయిని పదికి కొన్నవాణ్ణి
లెక్కలో ఎలా చూపిస్తారు?
దమయంతి పెన్ను పంటి కింద పెట్టుకుని
నన్ను చాలాసేపు చూసి
‘రవాణా’ అని రాసింది.

మొత్తం పంతొమ్మిదివేల నాలుగొందల డెబ్భై.

దసరా ముందురోజు తెర వెలిగింది.
పిల్ల వచ్చి
గాజు మీద వేలితో పక్కకి తోసి చూసింది.
కదల్లేదు.
వెళ్లిపోయింది.

ఆ రాత్రి మిల్లు సైరను కూశాక
మెలకువొచ్చింది.
ముందుగదిలో నీలం వెలుతురు.
టకటక. కాస్త ఆగి, మళ్లీ టకటక.
ఎర్ర బొత్తాన్ని గోరుతో పైకి లాగుతున్న చప్పుడు.
ఆ కిటుకు నేనెవరికీ చెప్పలేదు.
‘ఓలి నీ దుంప తెగా’ అని
ఎవర్నో లోగొంతుకతో తిట్టి
ఆమె ఇంకో నాణెం వేసింది.

నేను లేవలేదు.
పక్కవాడి భుజం మీంచి చూసినట్టే
గోడ ఇవతల నుంచి విన్నాను.

పొద్దున పాల పుస్తకంలో
మొత్తానికి కింద ఆమె చేతిరాత:
జమ, నాలుగు రూపాయలు.
అది కొట్టేసి, పక్కన
నలభై.