బోలు పలక

ఫర్వానియాలో ఇది ఆరో గది.
లిఫ్టు తలుపుకు కాగితం అంటించారు,
చదవనక్కర్లేదు.
అమ్మ రెండో అంతస్తు మెట్టు మీదే కూలబడి
"మీరు చూసి రాండి, నాకు నచ్చినట్టే" అంది.

గది అంటే, హాలును చెక్కలతో నాలుగు చేస్తే మిగిలిన ముక్క.
కిటికీ పక్కముక్క వాళ్ల పాలయింది.
తొంభై దినార్లు. వంటిల్లు వంతులవారీ.
నాకొచ్చే నూట ముప్పైలో
అమ్మ షుగరు సూదులు పోను...
వేళ్లు మడవడం మానేశాను.

సాల్మియాలో నేను చూసుకునే పెద్దామెను
మీట నొక్కితే మంచమే లేపి కూర్చోబెడుతుంది.
మా అమ్మకు నా భుజం,
అదీ శుక్రవారం.

ఇంటికి పొమ్మంటారు అందరూ.
రాజంపేటలో మాకు మిగిలింది
రేషన్ కార్డులో పేర్లు. అవీ కొట్టేశారంట.

"పెద్దాయన వయసెంత?" అడిగాడు ఏజెంటు.
అతని భయం నాకు తెలుసు,
గదిలో ఏమన్నా అయితే ఆఫీసుల చుట్టూ ఎవరు తిరగాలి?
"యాభై తొమ్మిది" అన్నాడు నాయన.
రాత్రి వేసిన రంగు
చెవి మీద నల్లగా అంటుకునే ఉంది.

అని, వంగి, వేలి కణుపుతో నేల తట్టాడు.
ఒకచోట ఆగాడు. మళ్లీ తట్టాడు.
"పెంచలయ్య పరిచిన పలకే ఇది,"
తన పేరు తనే, ఇంకెవరిదో అయినట్టు.
"ఈ మూల బోలు. ఆ పూట సిమెంటు చాల్లేదు,
పరిచేసి పో అన్నాడు మేస్త్రీ.
అయిదు దినార్లు తగ్గించమను."

నేను హిందీలో చెప్పాను, సగం సిగ్గుతో.
ఏజెంటు నవ్వి, బూటు మడమతో తట్టి చూశాడు.
నవ్వు ఆపాడు.

కింద నించి అమ్మ: "నీళ్లొస్తాయా?"

నాయన అప్పటికే పక్క పలక మీదున్నాడు.